మాంత్రికులు లేని చందమామ



చందమామను గురించి తెలుగువారు రాసుకున్నంతగా మరే పత్రికను గురించీ రాసుకొని ఉండరు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు, శంకర్ గారి విక్రమార్కుడు, కొడవటిగంటి కుటుంబరావు గారి నిరాడంబరమైన వచనం అన్నీ మీకు తెలిసినవే. కనుక వాటి జోలికి పోను. ఆ పత్రిక చరిత్రలో ఒక చిన్న ఘట్టం ఉన్నది. పాఠకులు ఒక ధారావాహిక మీద అలిగి పత్రిక కొనడం తగ్గించిన ఘట్టం అది. సుదీర్ఘంగా నడిచే కథకూ దానిని అనుసరించే జనానికీ నడుమ ఉండే సంబంధం ఎటువంటిదో అందులో తేటతెల్లమవుతుందని నా అభిప్రాయం.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో చందమామను ప్రారంభించారు. 1952లో దాసరి సుబ్రహ్మణ్యం గారు ఆ సంపాదక వర్గంలో చేరారు. 1954లో వారి 'తోకచుక్క' మొదలయింది. ఆ తరువాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు ఇలా రెండు దశాబ్దాలకు పైగా ఆ పరంపర సాగింది. ఇన్ని రాసినా చందమామలో వారి పేరు అచ్చు కాలేదు. ధారావాహికకు రచయిత పేరు వేయడం ఆ పత్రిక సంప్రదాయం కాదు. పిల్లలకు తెలిసిందల్లా చిత్ర గారి బొమ్మలు, అరణ్యాలు, కొండగుహలు, మంత్రదండాలు, ఇద్దరు మిత్రులు. కేశవుడు, జయమల్లు; శిఖిముఖి, విక్రమకేసరి; ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకడు కత్తి పట్టేవాడు, మరొకడు యుక్తి పన్నేవాడు. ఒక్కొక్కప్పుడు ఇద్దరూ రెండూ చేసేవారు. నెలాఖరున కథ ఏ కొండచరియ అంచునో ఆగేది. ఆ అంచున మనమూ నెల రోజులు వేలాడేవాళ్ళం.

ఈ మాంత్రికుల గొడవ చక్రపాణి గారికి అంతగా రుచించేది కాదని చందమామతో అనుబంధం ఉన్నవారు, వారి కుటుంబీకులు తమ జ్ఞాపకాలలో చెప్పుకొన్నారు. ఇందులో ఆశ్చర్యం లేదు. శరత్ బాబు నవలలను తెలుగులోకి తెచ్చిన చేయి వారిది. వంగ సాహిత్యపు గాంభీర్యం తెలిసిన మనిషికి ప్రతి మాసమూ నరభక్షకులు, రాకాసిబల్లులు ఎదురవుతుంటే విసుగు పుట్టడం సహజం. ఒక దశలో దాసరి వారి ధారావాహికను ఆపించి, బంకించంద్రుని 'దుర్గేశనందిని'ని, దాని వెంట 'నవాబునందిని'ని వేయించారు. పత్రిక అమ్మకాలు పడిపోయాయి. చక్రపాణి గారు వ్యాపారమూ తెలిసినవారే. మళ్ళీ దాసరి వారినే రాయమన్నారు. మాంత్రికులు తిరిగి వచ్చారు.

జరిగినది ఇంతే. దీనిని పిల్లల అభిరుచిలేమికి నిదర్శనంగా చెప్పేవారిని విన్నాను. నేను ఒప్పుకోను. దుర్గేశనందిని సామాన్యమైన రచన కాదు. 1865లో వెలువడిన ఆ నవలతోనే వంగభాషలో నవలకు ఒక నిండుదనం వచ్చింది. మొగలులకు, పఠానులకు పోరు, కోట ముట్టడి, జగత్సింహుడు, తిలోత్తమ, ఆయేషా - అందులో ఉత్కంఠకు కొదువ లేదు. అయినా పిల్లవాడు నెల రోజులు ఎదురుచూసినది ఆయేషా మనోవ్యథ కోసం కాదు. దశాబ్దం పాటు ఒక రకపు లోకాన్ని చూపి, ఆ లోకపు నియమాలను వాడి మనసులో స్థిరపరచి, ఒకనాడు ఏ మాటా చెప్పకుండా ఆ తలుపు మూసివేశారు. వాడు అలిగినది బంకించంద్రుని మీద కాదు, మూసిన తలుపు మీద. రచయిత పేరైనా తెలియని పాఠకుడు 'ఇది ఆ చేయి కాదు' అని ఇట్టే గుర్తుపట్టడం నాకు ముచ్చటగా తోస్తుంది. ముప్పై ఏళ్ళు తరగతి గదిలో శైలి అంటే ఏమిటో నిర్వచనాలు చెప్పినవాణ్ణి. అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పి ముందుకు సాగుతాను. 'నవాబునందిని' బంకించంద్రుని రచన కాదు. దామోదర ముఖోపాధ్యాయుడనే మరొక వంగ రచయిత దుర్గేశనందినికి రాసిన కొనసాగింపు. మూలంలో ఆయేషా విషపుటుంగరాన్ని అగడ్తలోకి విసిరివేయడంతో కథ నిలుస్తుంది. ఆమె తరువాత ఏమైందన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆ మిగిలిన ప్రశ్న మీద మరొక చేయి మరొక నవల కట్టింది. ముగిసిన కథను ముగియనీయకపోవడం ఈనాటి టెలివిజన్ వారు కనిపెట్టిన విద్య కాదు సుమా.

ఒకరి కథను మరొకరు కొనసాగించడం తప్పని నేను అనను. తెలుగు సాహిత్యానికి పునాదే అటువంటి కొనసాగింపు. నన్నయ భట్టారకుడు పదకొండవ శతాబ్దంలో అరణ్యపర్వం నడుమ ఆపివేశాడు. తిక్కన సోమయాజి ఆ మిగిలిన భాగం జోలికి పోక విరాటపర్వం నుంచి అందుకొన్నాడు. నడుమ వెలితి అట్లాగే ఉండిపోయింది. పదునాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱాప్రగడ దానిని పూరించాడు. ఎట్లా పూరించాడు? తన పేరు కాక నన్నయ పేరు నిలిపి, రాజరాజనరేంద్రునికే అంకితంగా, నన్నయ నడకతో మొదలుపెట్టి, పోనుపోను తిక్కన నడకలోకి ఒదిగి, అతుకు కనబడకుండా చేశాడు. తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఎఱ్ఱన వినయాన్ని గురించే ఎక్కువ చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే అది వినయం ఒక్కటే కాదనిపిస్తుంది. మూడు వందల ఏళ్ళుగా ఆ కావ్యాన్ని వింటూ వచ్చిన శ్రోత చెవి ఎటువంటిదో అతనికి తెలుసు. ఆ చెవిని నొప్పించకుండా దాటించాలి. ధారావాహిక రచయితకు ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

మా బాన్సువాడ ప్రాంతంలో చిందు భాగవతులను చూసినవారికి ఈ చెవి సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2005లో పరమపదించిన చిందుల ఎల్లమ్మ గారు మా ఉమ్మడి నిజామాబాద్ జిల్లా మనిషే. పురుష పాత్రలు కట్టి మెప్పించిన మహానటి. చిందు ఆటకు కూర్చున్న ఊరివారికి కథ ముందే తెలుసు. ఏ పాత్ర ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ఏడవాలో, ఎక్కడ దరువు మారుతుందో తెలుసు. బుడ్డర్‌ఖాన్ వేషగాడు నడుమ వచ్చి కరణాన్నీ పటేలునూ ఎంత వెక్కిరించినా నవ్వుకుంటారు. ఆ వేషానికి ఆ స్వేచ్ఛ ఉన్నది. కాని కథలో ఒక ఘట్టాన్ని మింగివేసి తెల్లవారకముందే మంగళం పాడబోతే మాత్రం ముసలివాళ్ళు లేచి అడిగేవారు. ఏ మాట మార్చవచ్చునో, ఏది మార్చరాదో ఆడేవారికీ చూసేవారికీ నడుమ రాయని కట్టుబాటు ఒకటి ఉండేది. చూసేవాడు అందులో భాగస్వామి, కేవలం చూసేవాడు కాడు.

మన అలంకారికులు ఈ విషయాన్ని ఎప్పుడో ఆలోచించారు. తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో రసానికి విరోధం కలిగించే సంగతులు కొన్ని చెప్పాడు. ప్రస్తుతంతో దూరపు చుట్టరికం మాత్రమే ఉన్న వస్తువును విస్తరించి వర్ణించడం ఒకటి. రసాన్ని అకాలంలో ముగించడం, అకాలంలో ప్రకటించడం ఇంకొకటి. పూర్తిగా పోషింపబడిన రసాన్ని మళ్ళీ మళ్ళీ రగిలించడం వేరొకటి. చేతులు తగిలి తగిలి వాడిపోయిన పువ్వు వంటిదవుతుందట అటువంటి రసం. అకాలంలో ప్రకటించడానికి మమ్మటుడు వేణీసంహారం రెండవ అంకాన్ని చూపించాడు. భీష్మాదులు నేలకూలుతూ ఉంటే దుర్యోధనుడు భానుమతితో శృంగారానికి దిగుతాడు. పండిత పరీక్షల నాడు ఇవన్నీ మేము కంఠతా పట్టినవే. అవి నాటకాలకే పరిమితమని అప్పట్లో అనుకొనేవాళ్ళం. ఇంతకాలానికి వీటికి లక్ష్యాలు మా వీధిలో దొరికాయి.

2017 అక్టోబరులో స్టార్ మా వారు 'కార్తీకదీపం' మొదలుపెట్టారు. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దానికి మూలం. మలయాళంలో కథానాయికగా నటించిన ప్రేమి విశ్వనాథ్ గారే తెలుగులోనూ దీప వేషం కట్టారు. మేని ఛాయ నలుపన్న కారణంగా అవమానాలు పడిన పిల్ల, ఆమెను ప్రేమించి పెళ్ళాడిన డాక్టరు బాబు, మోనిత పన్నిన కుట్ర, భర్త అనుమానం, కవలలైన ఆడపిల్లలు ఇద్దరూ చెరొక చోట పెరగడం - ఇదీ కథ. భర్త నీడ వదలి వంటలు చేసుకొని పిల్లను పెంచుకొన్న దీపకు 'వంటలక్క' అన్న పేరు స్థిరపడింది. సాయంత్రం ఏడున్నర అయిందంటే మా వీధిలో ఇంటింటా అదే పాట. చదువుకొన్నవారు దీనిని చూసి నవ్వుతారు. నేను నవ్వను. రంగు తక్కువని చిన్నచూపు చూడబడిన ఆడపిల్లలు మా తరగతులలో ఎందరుండేవారో నాకు తెలుసు. వారిలో కొందరు ఇప్పుడు అమ్మమ్మలు. వంటలక్క వారి మనిషి. తమ జీవితంలో దొరకని న్యాయం ఆమెకైనా దొరుకుతుందేమో చూడాలని వారు రోజుకు అరగంట చొప్పున ఏళ్ళ తరబడి కూర్చున్నారు.

ఆ న్యాయం ఏళ్ళు గడిచినా రాలేదు. నిజం బయటపడబోతుంది, ఏదో ఒక అడ్డు తగులుతుంది. మళ్ళీ బయటపడబోతుంది, మళ్ళీ అడ్డు. ఆనందవర్ధనుడు చెప్పిన వాడిన పువ్వు ఇదే. తీరా నిజం తెలిసి భార్యాభర్తలు కలిసిన తరువాత, 2022లో ఒక ప్రమాదంలో ఇద్దరినీ చంపివేశారు. కాలం ముందుకు దూకింది. పసిపిల్లలు యువతులై వారి ప్రేమకథ మొదలయింది. ఇది అకాలంలో ముగించడం. మా పక్కింటి పెద్దావిడ ఆ రాత్రి టీవీ కట్టి లేచి, మా ఆవిడతో ఒక మాట అన్నది: "సచ్చేదానికేనా వదినా, ఇన్నేండ్లు ఏడిసింది?" అలంకారశాస్త్రం తెలిసిన నేను ఆ విమర్శకు చేర్చగలిగినది ఏమీ లేకపోయింది.

ఆదరణ సన్నగిల్లింది. కొద్ది నెలలకే వంటలక్క బతికే ఉన్నదని చూపించారు. డాక్టరు బాబూ బతికే ఉన్నాడు, కాని జ్ఞాపకం పోయింది. మాంత్రికులను చక్రపాణి గారు వెనక్కు పిలిచినట్టే వీరినీ పిలిచారు. కాని ఒక తేడా గమనించండి. దాసరి వారు తిరిగి వచ్చినప్పుడు కొత్త కథతో వచ్చారు. పాత కథ ఏదీ అబద్ధం కాలేదు. ఇక్కడ, చనిపోయినవారు చనిపోలేదన్నప్పుడు ప్రేక్షకురాలు కార్చిన కన్నీరు వృథా అయింది. ఏడ్చినందుకు ఆమెనే వెర్రిదాన్ని చేశారు. మా పక్కింటి పెద్దావిడ మళ్ళీ చూడటం మొదలుపెట్టింది గాని, ఆ తరువాత ఏ ప్రమాదానికీ చలించలేదు. పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్ల తరువాత 2023 జనవరిలో అది ముగిసింది. 2024 మార్చిలో అదే నటీనటులతో, 'నవ వసంతం' అని పేరు కలిపి, వేరొక కథగా మళ్ళీ మొదలుపెట్టారు.

సముద్రాల ఆవల కూడా ఇంతే. 1893 డిసెంబరులో కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్సును జలపాతంలో తోయించాడు. వేలమంది స్ట్రాండ్ పత్రికకు చందా మానుకొన్నారని చెబుతారు. పదేళ్ళు తిరక్కుండా 1903లో హోమ్సు బతికి వచ్చాడు. ఈ కథ అందరూ చెప్పేదే కనుక పొడిగించను.

ఈ మధ్య మా మేనల్లుని కొడుకు ద్వారా నాకు మరొక లోకం పరిచయమైంది. వార్‌క్రాఫ్ట్ అన్న కంప్యూటరు ఆటల పరంపర 1994లో మొదలయింది. 2004 నవంబరులో అది లక్షలాదిమంది ఏకకాలంలో ఆడే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అయింది. నేటికీ నడుస్తూనే ఉంది. అబ్బాయి చెబుతూ ఉంటే నాకు యక్షపర్వతమే గుర్తుకు వచ్చింది. రాక్షసులు, మంత్రగాళ్ళు, రెండు పక్షాలు. చదివేవాడు వినేవాడు కాదు, తానే ఖడ్గవర్మ. తన వేషాన్ని పదేళ్ళు పెంచుకొంటాడు. నెలనెలా రుసుము కూడా చెల్లిస్తాడు.

2018లో వచ్చిన భాగంలో ఒక పక్షపు నాయకురాలు సిల్వానస్ ఎదుటి పక్షంవారు నివసించే మహావృక్ష నగరం టెల్‌డ్రాసిల్‌ను తగులబెట్టిస్తుంది. ఆ పక్షాన ఆడుతున్నవారు ఇష్టమున్నా లేకున్నా ఆ అకృత్యంలో భాగస్వాములయ్యారు. తాము గౌరవం గల యోధులమని ఏళ్ళుగా నమ్మి ఆడినవారు వీరు. నవలలో నాయకుడు పాపం చేస్తే పాఠకుడు బాధపడతాడు. ఇక్కడ ఆ పాపం తన చేతికే అంటింది. 2020 నవంబరులో వచ్చిన తరువాతి భాగం షాడోలాండ్స్ పరలోకానికి సంబంధించినది. అందులో జైలరు అనే కొత్త ప్రతినాయకుడిని తెచ్చి, ఇన్నేళ్ళుగా జరిగిన పెద్ద పెద్ద విపత్తుల వెనుక ఉన్నది ఇతడేనని చెప్పారు. ఆర్థాస్ అనే పాత రాజకుమారుడు వీరందరికీ కర్ణుని వంటివాడు. రాజ్యాన్ని కాపాడబోయి తనను తాను పోగొట్టుకొన్నవాడు. అతని పతనం అతని స్వభావం నుంచి పుట్టింది గనుకనే అది విషాదం. దాని వెనుక మరొకడి ఎత్తుగడ ఉన్నదంటే ఇక విషాదమెక్కడిది? 2022లో అతని ఆత్మ చిటికెడు వెలుగై కరిగిపోవడంతో ఆ పాత్రకు మంగళం పాడేశారు. అబ్బాయి ఆ సంగతి చెప్పినప్పుడు కోపంగా చెప్పలేదు, తమ ఇంటి పెద్దకు కర్మకాండ సరిగా జరగలేదన్నట్టుగా చెప్పాడు.

నాకు ఇందులో అత్యంత ఆసక్తికరంగా తోచినది ఈ వెనుకటి కథను మార్చే విద్య. ముందుకు రాసేవాడు చెడగొట్టగలిగితే రేపటిని చెడగొడతాడు. వెనక్కు రాసేవాడు నిన్నటిని కూడా చెడగొడతాడు. నిన్న మనం పొందిన అనుభవం మన సొత్తు. దాని అర్థాన్ని ఈనాడు వచ్చి మార్చే హక్కు కర్తకు ఉన్నదా? కథ కాగితం మీద వారిదే కావచ్చు. ఉత్తరకాండ విషయంలో మన కవులు ఎంత తటపటాయించారో చూడండి. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని యుద్ధకాండతో ఆపితే ఉత్తరకథను అతని కుమారులు చెప్పారు. తిక్కన ఉత్తర రామాయణాన్ని చెప్పి కూడా రామనిర్యాణాన్ని వదిలివేశాడు. తరువాత జయంతి రామభట్టు దానిని పూర్తి చేశాడు. విశ్వనాథ వారి కల్పవృక్షమూ ఆరు కాండలే. కారణాలు ఒక్కొక్కరివి ఒక్కొక్కటి కావచ్చు. పట్టాభిషేకం దగ్గర పుస్తకం మూసి కళ్ళకద్దుకొనే గృహిణులు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. సీతను అడవికి పంపిన కథ వారికి తెలియక కాదు.

ఆ ఆటవారికీ చివరకు చక్రపాణి గారి దారే శరణ్యమైంది. 2019లోనే పాత ఆటను పాత రూపంలో వేరుగా తెరిచారు, జనం పోటెత్తారు. తొలినాటి కథలను తీర్చిదిద్ది 2016లో వెళ్ళిపోయిన క్రిస్ మెట్జెన్‌ను 2022 చివర సలహాదారుగా వెనక్కు పిలిచారు. తరువాత కథ బాధ్యతే అప్పగించారు. 2023 నవంబరులో ఆయనే వేదిక మీదికి వచ్చి మూడు భాగాల కొత్త కథామాలను ప్రకటించాడు.

చందమామలో అటువంటి పునరాగమనం రెండవసారి జరగలేదు. 1975లో చక్రపాణి గారు, 1978లో చిత్ర గారు, 1980లో కుటుంబరావు గారు వెళ్ళిపోయారు. దాసరి వారి మాంత్రికుల ధారావాహికలు చిత్ర గారితోనే ముగిశాయి. బేతాళుడు మాత్రం చెట్టు మీది నుంచి దిగుతూ ఎక్కుతూ సాగాడు. సంస్కృత మూలంలో ఉన్నవి పాతిక కథలే. చందమామ వారు వందల కొద్దీ చెప్పారు. అయినా ఎవరూ సాగదీశారని అనలేదు. ప్రతి నెలా ఒక కథ పూర్తయ్యేది, ఒక చిక్కుప్రశ్నకు జవాబు దొరికేది. విక్రమార్కుడు మాత్రం అక్కడే ఉండేవాడు. దీనిని టెలివిజన్ రచయితలు ఎందుకు గమనించరో నాకు తెలియదు. దాసరి వారు 2006 వరకు ఆ కార్యాలయంలోనే పనిచేసి, 2010 జనవరిలో కన్నుమూశారు. పత్రిక 2007లో ముంబాయి సంస్థ చేతికి పోయి, తరువాత అయిదారేళ్ళకు ఆగిపోయింది.

దాసరి వారి ధారావాహికలు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి. నా అలమరలో ఉన్నాయి. దుర్గేశనందిని, నవాబునందిని వచ్చిన ఆనాటి చందమామ సంచికలను మాత్రం ఈ వయసులో మరొకమారు వరుసగా చదవాలని ఉన్నది, పిల్లలకు ఏది రుచించలేదో పెద్దవాడి కంటితో చూడాలని. మీలో ఎవరివద్దనైనా బైండు చేసిన ప్రతులుంటే తెలియజేయగలరు. పోస్టు ఖర్చులు నావి. చదివి భద్రంగా తిప్పి పంపుతాను.